తొమ్మిది వందల పెట్టెలు

జూన్ 4

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం చేరింది. నాలుగు వాక్యాలు రాసి, మిగతాది తర్వాత అని ముగించావు. పరీక్షల్లో కూడా నువ్వు ఇలాగే రాసేవాడివి, మార్కులు కూడా అలాగే వచ్చేవి. ఫోన్ చేసి తిట్టొచ్చు కదా అంటావేమో. ఈ ఒకటిన్నర గది ఇంట్లో నేను ఫోన్ ఎత్తానంటే పక్కింటివాళ్ళు కూడా ఊ కొడతారు. కాగితం మీదైతే నా ఇష్టం.

మా ఫ్యాక్టరీలో శనివారం షిఫ్టు తీసేశారు. మొదటి వారం అందరం సంబరపడ్డాం, ఒకపూట నడుం వాల్చొచ్చని. జీతం చేతికొచ్చాక ఆ సంబరం కాస్తా ఆవిరైపోయింది. క్యాంటీన్‌లో రెండో కూర ఆపేశారు. మొదటి కూర కూడా ఈమధ్య నీళ్ళలో ఈదుతోంది.

మా రెండో లైను నీకు తెలుసు కదా. పెద్ద నల్ల సూట్‌కేసులు తప్ప ఇంకేమీ చెయ్యం. లోపల అస్తరు గుడ్డ కుట్టే పిల్ల, జిప్పులావిడ, చక్రాలమ్మాయి, హ్యాండిళ్ళు బిగించే పొడుగావిడ, చివర నేను. పదిసార్లు జిప్పు లాగి, నేల మీద నాలుగు అడుగులు దొర్లించి, బాగుందనిపిస్తే లోపలి జేబులో నా నంబరు చీటీ పెడతాను. పన్నెండేళ్ళుగా అదే పని. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకల్లా పెట్టెలు అయిపోయాయి. ఇంక చెయ్యడానికేమీ లేక ఐదుగురం బల్ల తుడిచిందే తుడిచాం.

మేనేజరు పిలిచి సంగతి చెప్పాడు. ఈ నెల ఇరవైకి షాపుల నుంచి వచ్చే ఆర్డర్లు చూస్తారట. బాగుంటే లైను ఉంటుంది, లేకపోతే మూసేస్తారు. తమంతట తాము వెళ్ళిపోతామనేవాళ్ళు ఇరవై ఐదో తారీఖులోపు పేరు రాసిస్తే ఆరు నెలల జీతం ఇచ్చి పంపిస్తారు. ఆ తారీఖు దాటాక లైను మూస్తే మాత్రం చేతికేమీ రాదు. మా నలుగురూ పేర్లు రాసిన కాగితాలు పర్సుల్లో పెట్టుకుని తిరుగుతున్నారు. ఇవ్వాలా వద్దా అని రోజూ నన్నే అడుగుతారు, నేనేదో జాతకాలు చెప్పేదాన్నయినట్టు.

మీ బావకి రెండు నెలలుగా పని లేదు. ఇంటికి రంగు వేయించడం ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది అంటున్నారట అందరూ. బ్రష్షులన్నీ కడిగి ఆరబెట్టి, మళ్ళీ కడుగుతున్నాడు.

మా లైను పెట్టెలు ఎక్కువగా కొనేది మీ షాపే కాబట్టి, మీ తమ్ముణ్ణి అడగండి అంటూ వీళ్ళంతా నన్ను ఆటపట్టిస్తున్నారు. నిన్నేదో చెయ్యమని రాయడం లేదురా. మనసులో ఉన్నది ఎవరితోనైనా అనుకోవాలి కదా.

తిట్టే హక్కున్న ఒకే ఒక్క అక్క


జూన్ 11

అక్కకి,

ముందు దణ్ణం, తిట్లు తర్వాత.

మా షాపు బాగానే ఉంది. నువ్వు కంగారు పడకు. జనం వస్తున్నారు, చూస్తున్నారు, కొంటున్నారు. వేడిగా ఉందని లైట్లు సగం ఆర్పేశాం, అంతే. నిన్న ఒకాయన భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని వచ్చాడు. పెట్టెలన్నీ దింపించాడు. పెద్దదాంట్లో చిన్నపిల్లని కూర్చోబెట్టి షాపంతా తిప్పాడు. అందరం నవ్వుకున్నాం. గంటసేపయ్యాక, మా ఇంట్లో పాత పెట్టె జిప్పు పట్టేసింది, దానికి ఏం రాస్తే వదులుతుందని అడిగాడు. కొవ్వొత్తి రుద్దమని చెప్పాను. చాలా సంతోషించి వెళ్ళిపోయాడు. అలాంటివాళ్ళు అన్ని కాలాల్లోనూ ఉంటారులే.

నీ మరదలు పాపని ట్యూషన్ మాన్పించి తనే చెబుతోంది. బాగా చెబుతోంది కూడా. మేడమీద గది ఖాళీ చేసి కిందకి మారిపోయాం, మెట్లెక్కే బాధ తప్పింది.

నువ్వు మాత్రం ఆ కాగితం ఇవ్వకు. మీవాళ్ళ చేత కూడా ఇప్పించకు. బావకి పని లేని ఈ రోజుల్లో ఆరు నెలల జీతం ఎన్నాళ్ళొస్తుంది? ఆ తర్వాత ఎక్కడ వెతుక్కుంటావు, ఈ వయసులో? మా షాపు ఆర్డరు రాసేది నేనే. ఓనరు సంతకం పెడతాడు, అంతే. ఇరవయ్యో తారీఖు దాకా ఆగు.

వయసు అన్నానని పెన్ను పక్కన పెట్టి చెప్పు వెతక్కు.

నీ చిన్నోడు


జూన్ 21

చిన్నోడా, నా బంగారు కొండా,

నువ్వు పుట్టాక నిన్నిలా పిలవడం ఇది రెండోసారి. మొదటిసారి నువ్వు పుట్టినప్పుడు, అదీ అమ్మ బలవంతం మీద.

నిన్న సాయంత్రం మేనేజరు బోర్డు మీద రాశాడు. మీ షాపు నుంచి పెద్ద నల్ల సూట్‌కేసులు తొమ్మిది వందలు! పోయిన ఏడాది ఇదే సమయానికి నాలుగు వందలే. జిప్పులావిడ గట్టిగా కేకేసింది. పొడుగావిడ నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది, ఆవిడ చేతుల్లో నేనెంత. మొదటి లైను వాళ్ళు మాత్రం మూతులు ముడుచుకున్నారు, వాళ్ళు చేసే చిన్న నీలం పెట్టెలు నువ్వు యాభయ్యే అడిగావట. వాళ్ళకి వేరే షాపులున్నాయిలే, పోనీ.

నలుగురూ కాగితాలు చింపేశారు. చక్రాలమ్మాయి వాటిని ఇంకా ఇంకా చిన్న ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. అస్తరు కుట్టే పిల్ల ఈ ఉద్యోగం సంగతి తేలేదాకా అని పెళ్ళి వాయిదా వేసుకుంది, రాత్రికే అబ్బాయివాళ్ళకి సరేనని చెప్పించిందట. జిప్పులావిడ ఎప్పటినుంచో అనుకుంటున్న వాషింగ్ మెషీన్ వాయిదాల మీద తెచ్చుకుంటానంటోంది. చూశావా, నీ ఒక్క కాగితం ఎంతమందిని బజారుకి పంపించిందో.

ఇప్పుడు నీకొక సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ దాచాను. ఇక్కడి ఆసుపత్రిలో కుట్టుగది ఉంది, దుప్పట్లూ డాక్టర్ల కోట్లూ కుడతారు. అక్కడ పర్యవేక్షణకి ఒక మనిషి కావాలన్నారు. పోయిన నెలే వెళ్ళి మాట్లాడాను, నన్ను తీసుకుంటామన్నారు. ఇక్కడ పేరు రాసిచ్చి, ఆరు నెలల జీతం తీసుకుని అక్కడ చేరదామనుకున్నాను. నీకు తర్వాత చెప్పి నోరు వెళ్ళబెట్టేలా చేద్దామనుకున్నాను. కానీ పన్నెండేళ్ళ చోటు, ఈ నలుగురూ. పొద్దున షిఫ్టుకి ముందే వెళ్ళి, వద్దని చెప్పి వచ్చేశాను.

నిజంగానే అంత అమ్ముడుపోతున్నాయా? ఫోన్ చేశాను, ఎత్తలేదు. పనిలో ఉండి ఉంటావు. ఒక్క ముక్క రాయి.

సంతోషంతో తిక్క పట్టిన అక్క


జూన్ 29

అక్కా,

ఆసుపత్రి సంగతి నాకెందుకు చెప్పలేదు? అన్నీ నాతో అంటావు, కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా రాస్తావు, ఇది మాత్రం దాస్తావా?

నామాట విను. రేపే అక్కడికి వెళ్ళు. మనసు మార్చుకున్నానని చెప్పు. ఇంట్లో ఇబ్బందొచ్చి తొందరపడ్డానను, ఏదైనా చెప్పు. ఆసుపత్రి పని గట్టిది. జనం పెట్టెలు కొనడం మానేస్తారు కానీ జబ్బు పడటం మానరు. సూట్‌కేసులదేముంది, ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. నువ్వు నాకన్నా తెలివైనదానివి, నీకు వివరించాలా? పన్నెండేళ్ళు జిప్పులు లాగావు, చాలదా? కాస్త గౌరవమైన చోట కూర్చో.

షాపు బాగానే ఉంది. ఆర్డరు గురించి పదేపదే అడగకు. నువ్వు వెళ్ళు, ముందు వెళ్ళు.

పాపకి నిన్న కొద్దిగా జ్వరం, తగ్గింది.

నీ తమ్ముడు


జూలై 8

నీకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి ఒళ్ళు మండింది.

గౌరవమైన చోటా? నువ్వు ఆ షాపులో చేరిన మొదటి ఏడాది వేసుకున్న రెండు చొక్కాలూ ఈ జిప్పులు లాగిన డబ్బుతో కొన్నవేరా. అప్పుడు గౌరవం తక్కువనిపించలేదే. ఆరోజు కాగితం ఇవ్వకు, ఆగు అన్నది నువ్వు. ఆగాను. ఇప్పుడు వెళ్ళు వెళ్ళు అంటున్నదీ నువ్వే. నేనేమైనా నీ షాపు గుమ్మంలో తలుపునా, ఒకసారి తోసి ఒకసారి లాగడానికి?

కోపం వచ్చినా, నువ్వన్నావు కదా అని ఆసుపత్రికి వెళ్ళాను. కుట్టుగది గుమ్మం దాకా వెళ్ళేసరికి నేను కూర్చోవాల్సిన కుర్చీలో వేరే ఆవిడ ఉంది. బట్టల కొట్టు మూతపడితే అక్కడినుంచి వచ్చిందట. నన్ను చూసి ఏం కావాలండీ అంది, నేనేదో లాక్కోవడానికి వచ్చినట్టు దారం డబ్బా దగ్గరికి జరుపుకుంటూ. ఏమీ వద్దని వచ్చేశాను. ఆ పని ఇంక లేదు. నీ మనసు చల్లబడిందా?

ఇక్కడ రోజుకి నలభై పెట్టెలు తనిఖీ చేస్తున్నాను. శనివారం కూడా పిలుస్తున్నారు. వేళ్ళు పట్టేస్తున్నాయి, అయినా అందరం హుషారుగా ఉన్నాం. ఇరవై ఐదో తారీఖు దాటిపోయింది, ఇంక వెళ్ళిపోతామన్నా ఇచ్చేదేమీ లేదు. అందుకే అడుగుతున్నాను, సూటిగా. ఎందుకు వెళ్ళమన్నావు? నీకేదో తెలిసి దాస్తున్నావా, లేక అక్క ఫ్యాక్టరీలో పనిచేస్తోందని చెప్పుకోవడానికి ఇప్పుడు నామోషీగా ఉందా? రెండోదే అయితే జవాబు రాయొద్దు. మొదటిదైతే వెంటనే రాయి.

అక్క


జూలై 20

అక్కా,

మొదటిదే.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. లారీ కన్నా ముందు ఇది నీకు చేరాలి, అందుకే ఇంక అలంకారాలు వద్దు.

మా షాపు బాగా లేదు. మార్చి నుంచీ ఈగలు తోలుకుంటున్నాం. పక్కనున్న టైర్ల కంపెనీలో మూడు వందల మందిని తీసేశాక ఈ వీధిలో ఎవరూ పర్సు తియ్యడం లేదు. ఉద్యోగం ఉన్నవాళ్ళు కూడా, రేపెలా ఉంటుందో అని దగ్గర పెట్టుకుంటున్నారు. ప్రయాణాలు మానేసినవాళ్ళకి పెట్టె ఎందుకు? లైట్లు ఆర్పింది వేడికి కాదు, కరెంటు బిల్లుకి. మేడమీది గది వదిలేసింది అద్దె కట్టలేక. పాప ట్యూషన్ మాన్పించిందీ అందుకే. సేల్స్‌మెన్ ఆరుగురిలో నలుగురిని ఏప్రిల్‌లోనే పంపేశారు. నువ్వు కంగారు పడతావని రాయలేదు. ఫోన్లో అయితే నా గొంతు విని పట్టేస్తావని ఎత్తలేదు.

రాబోయే సీజనుకి మీ పెద్ద పెట్టెలు నూట యాభై చాలని అంచనా వేశాడు ఓనరు. నేను ఆర్డరు కాగితం ముందు కూర్చున్నాను. నీ ఉత్తరం జేబులో ఉంది. నూట యాభై రాస్తే మీ లైను మూస్తారని తెలుసు. తొమ్మిది వందలు రాశాను. ఓనరు నన్ను నమ్మి ఎప్పుడూ చదవకుండానే సంతకం పెడతాడు. అమ్ముడుపోని సరుకు నెలలోపు వెనక్కి పంపొచ్చని ఒప్పందం ఉంది, ఈలోపు బజారు కాస్త కోలుకుంటుంది, ఎలాగోలా సర్దేయొచ్చు అనుకున్నాను. ఒక్క సీజను దాటించగలిగితే చాలనుకున్నాను. నా అక్క ఉద్యోగం నిలబడితే చాలనుకున్నాను. నీకు ఇంకో పని చేతిలో ఉందని తెలిస్తే ఆ అంకె రాసేవాణ్ణే కాదు.

ఐదు వందల పెట్టెలు రెండు లారీల్లో వచ్చాయి. గోడౌన్ నిండింది, మెట్ల మీద పేర్చాం, చివరికి ఓనరు కుర్చీ వెనక కూడా. అమ్మింది ముప్ఫై. పెట్టెల మధ్యలోంచి దారి చేసుకుంటూ ఓనరు వచ్చి, ఇవన్నీ ఎవరడిగారు అన్నాడు. నేనే అన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన అరవలేదు. మీ అక్క కోసం నా షాపు ముంచుతావా అని మాత్రం మెల్లగా అన్నాడు. తాళాలు అక్కడే పెట్టి వచ్చేశాను.

సోమవారం ఆ పెట్టెలతో లారీ తిరిగి మీ ఫ్యాక్టరీకి బయల్దేరుతుంది. మిగతా నాలుగు వందల ఆర్డరూ రద్దు. నేను అంకె పెంచిన సంగతి మీ మేనేజరుకి తెలియదు, సరుకు అమ్ముడుపోలేదనే రాస్తున్నారు.

నన్ను తిట్టు అక్కా. ఈసారి ఎంత తిట్టినా పడతాను.

చిన్నోడు


ఆగస్టు 2

చిన్నోడా,

తిట్టడానికే కూర్చున్నాను. మాటలు రావడం లేదు.

నీ ఉత్తరం గురువారం వచ్చింది, లారీ శుక్రవారం వచ్చింది. దింపడానికి కూలీలని పెట్టలేదు, మమ్మల్నే దింపమన్నారు. అట్టపెట్టెలు మేం కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, కొన్నిటికి టేపు కూడా తియ్యలేదు. పొడుగావిడ ఒకటి విప్పింది, జేబులో నా చీటీ అలాగే ఉంది. మనం ఏమైనా తప్పు చేశామా అక్కా, హ్యాండిళ్ళు వదులయ్యాయా అని అడిగింది. పాపం, తన పనిలోనే లోపం వెతుక్కుంటోంది. లేదన్నాను.

సాయంత్రం మేనేజరు రెండో లైను నెలాఖరుకి మూసేస్తున్నట్టు చెప్పాడు. బజారు పడిపోయింది, మేమేం చేస్తామన్నాడు. అందరూ అదే నమ్మారు. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది, మన ఇద్దరి సంగతీ ఎవరికీ తెలిసేది కాదు. రెండు రోజులు మూసుకునే ఉన్నాను. అన్నం సయించలేదు. మూడో రోజు క్యాంటీన్‌లో నలుగురినీ కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. అక్షరం వదలకుండా.

జిప్పులావిడ కంచం తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అస్తరు కుట్టే పిల్ల ఏడ్చింది, పెళ్ళికి ఇంక ఇరవై రోజులే ఉంది. పొడుగావిడ మాత్రం, తోడబుట్టినవాడు కదా, భయపడి చేశాడు, అంది. ఆ మాటకి నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఇంకోటి కూడా చెప్పాను. నీకూ చెప్పాలి.

ఆ ఆర్డరు చూసిన రోజే నాకు అనుమానం వచ్చిందిరా. వ్యాపారం నిజంగా బాగుంటే అన్ని రకాలూ అడుగుతారు. మేం చేసేవి మాత్రం తొమ్మిది వందలు, మొదటి లైనువి యాభై, అలా ఏ షాపు అడుగుతుంది? సగం లైట్లు ఆర్పేశారని నువ్వు రాసినప్పుడే నాకు అర్థం కావాలి. అయ్యింది కూడా. కానీ అందరూ నవ్వుతున్నారు. నాకూ నవ్వాలనిపించింది. ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు, లోపల హమ్మయ్య అనుకున్నాను. ఎత్తి నిజం చెబితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. మర్నాడు ఆసుపత్రిలో వద్దని చెప్పేటప్పుడు కూడా ఆ అనుమానం నాతోనే ఉంది.

చక్రాలమ్మాయి అంతా విని, అనుమానం వచ్చింది ఏ తారీఖున అక్కా, అని అడిగింది. ఇరవైన అన్నాను. మా కాగితాలు ఇవ్వడానికి ఇరవై ఐదు దాకా టైముంది కదా, అంది. కోపంగా కూడా అనలేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. తొమ్మిది వందలు రాసింది నువ్వే, కానీ ఆ ఐదు రోజులూ నోరు విప్పనిది నేను. అందుకే నిన్ను తిట్టడానికి మాటలు రావడం లేదు.

నిన్న మేనేజరు మళ్ళీ పిలిచాడు. మొదటి లైనులో తనిఖీకి ఒక మనిషి కావాలి, నీ చేతి పని తెలుసు, నిన్ను ఉంచుకుంటాం అన్నాడు. ఒక్క చోటే. ఏం చెయ్యబోతున్నావని నన్నడగొద్దు, చేసేశాను. మీ బావకి పని లేదు, ఇప్పుడు నీకూ లేదు. సరేనన్నాను.

ఎల్లుండి పొద్దున వాళ్ళు నలుగురూ తమ డబ్బాలూ కత్తెరలూ తీసుకెళ్ళడానికి వస్తారు. అదే గంటకి నేను షిఫ్టుకి వెళ్ళాలి. గేటు ఒకటే. వాళ్ళు బయటికొస్తుంటే, నేను లోపలికి వెళ్తాను.

నువ్వు కోరుకున్నది అదే కదా చిన్నోడా, అక్క ఉద్యోగం నిలబడాలని. నిలబడింది.

అక్క